థియొడోర్ ష్వాన్

కణశాస్త్రమునకు పునాది వేసినవారిలో నొకడగు థియొడోర్ ష్వాన్ 1810 డిసెంబరు 7వ తేదీన, నేటి జర్మనీలోని నాయిస్ పట్టణమున, ఒక స్వర్ణకారుని యింట జన్మించెను. బెర్లిను నగరమున యోహన్నెస్ ముల్లర్ ఆచార్యునికి సహాయకుడై, 1836లో జీర్ణరసమునందలి పెప్సిన్‌ను కనుగొనెను.

ఒకనాడు భోజనవేళ మిత్రుడగు ష్లైడెన్ మొక్కల కణములలోని కేంద్రకమును వర్ణించుచుండెను. అట్టిదానినే కప్పపిల్లల వీపులోని మెత్తని కాడయందు తాను చూచినట్లు ష్వానునకు స్ఫురించెను. మొక్క కణమునకు గట్టి గోడ యుండుటచే అది సులభముగ కానవచ్చును. జంతుకణమునకు గోడ లేదు, సన్నని పొర మాత్రమే. అందుచేతనే అది చాలకాలము పండితుల కంటబడలేదు. ఆ కేంద్రకమునే గుర్తుగా పట్టుకొని, ష్వాన్ మృదులాస్థిని, కండరమును, నరమును, ఈకను సైతము సూక్ష్మదర్శినితో పరిశీలించెను. చెట్టైనను జంతువైనను కణనిర్మితమే యని 1839లో గ్రంథము వెలువరించెను. కణములు స్ఫటికములవలె పేరుకొని పుట్టునని తలచుట మాత్రము పొరపాటు. కణము కణమునుండియే పుట్టునని రెమాక్, విర్కో పిమ్మట తెలిపిరి.

ఆ యేటనే ఆయనకు అవమానము కలిగెను. పులియుటకు సజీవమగు ఈస్టే కారణమని ఆయన 1837లో చెప్పియుండగా, మేటి రసాయనవేత్తలు పేరు వేయక పత్రికలో ఎగతాళి చేసిరి. స్వదేశమున ఆచార్యపదవి లభింపక బెల్జియమునకు పోయి, లువేన్‌లోను లియేజ్‌లోను బోధించెను. 1882 జనవరి 11న కొలోన్‌లో మరణించెను. ఈస్టును గూర్చి ఆయన చెప్పినది నిజమేయని పాశ్చరు అప్పటికే రుజువు చేసియుండెను.