మైదానంలో మరణశయ్య ప్రార్థన

ఇంగ్లండులో ఎఫ్‌ఏ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందు ప్రేక్షకులంతా నిలబడి ‘అబైడ్ విత్ మీ’ కీర్తన పాడతారు. 1927లో మొదలైన ఆనవాయితీ ఇది. ఆటకు, ఆ పాటకు పొంతనేమిటి?

దాన్ని రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ 1793లో స్కాట్లాండులో పుట్టాడు. తండ్రి వదిలేశాడు, తల్లి చనిపోయింది. బడి ప్రధానోపాధ్యాయుడే చేరదీసి చదివించాడు. పాదిరి అయ్యాడు గానీ, సేవ మొక్కుబడిగానే సాగింది. 1818లో మరణశయ్యపై ఉన్న తోటి పాదిరిని ఆదరించబోయి, చావుకు తానూ సిద్ధంగా లేనని గ్రహించాడు. ఇద్దరూ కూర్చుని పౌలు పత్రికలు వెదికారు. అతని అసలైన సేవ ఆ మంచం పక్కనే మొదలైందని నా నమ్మకం.

ఆ తర్వాత బ్రిక్స్‌హామ్ రేవులో ఇరవై ఏళ్లకు పైగా జాలరుల కాపరి. క్షయ పీల్చేస్తున్నా 1847 సెప్టెంబరులో చివరి ప్రసంగం చేశాడు. ఎమ్మాయు శిష్యుల వేడుకోలు (లూకా 24:29) ఆధారంగా కీర్తన రాసింది ఆ వేసవిలోనే. నవంబరులో నీస్‌ పట్టణంలో ప్రభువునందు నిద్రించాడు. నేడు పాడే రాగాన్ని 1861లో విలియం హెన్రీ మంక్ కూర్చాడు.

1927 నాటికి మహాయుద్ధం ముగిసి తొమ్మిదేళ్లే. వెంబ్లీలో పాడినవారిలో కొడుకులను, అన్నదమ్ములను పోగొట్టుకున్నవారెందరో! పాట ముగిసింది, ఆట మొదలైంది. కార్డిఫ్ సిటీ 1-0తో ఆర్సెనల్‌ను ఓడించింది.