పత్తి వెంకయ్యగారు

ప్రత్తి పలనాటివారికి క్రొత్త పంట కాదు. ఆ ప్రత్తి గుణములెరిగిన యొక ఆంధ్రుడు గుడ్డపై నిలిపిన గురుతును గూర్చి వ్రాయబూనితిమి. పింగళి వెంకయ్యగారు 1876వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన కృష్ణామండలమందలి భట్లపెనుమర్రులో జన్మించిరి. బోయరు యుద్ధకాలమున సైనికులై దక్షిణాఫ్రికాకు వెళ్ళిరి. మరలివచ్చిన పిదప వారభ్యసించిన విద్యలు పెక్కు. జపాను భాష నేర్చిరి, భూగర్భశాస్త్రము చదివిరి, కంబోడియా ప్రత్తిని పరిశోధించుటచే జనులు వారిని పత్తి వెంకయ్య యని పిలిచిరి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయులుగా నుండిరి. బందరు అద్దకపు బట్టలకు పేరుగన్న పట్టణము. అద్దకమువారి పనితనమునకును వీరి చిత్రణమునకును సంబంధము కలదని మేము చెప్పజాలము గాని, గుడ్డమీది గీతకు విలువ తెలిసిన యూరిలో వారు వసించిరి.

1916లో జాతీయ పతాకమును గూర్చి 30 నమూనాలతో నొక ఆంగ్లగ్రంథము ప్రకటించిరి. 1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీమహాత్ముడు కోరగా, ఎరుపు, ఆకుపచ్చ పట్టీలపై రాట్నమును చిత్రించి యిచ్చిరి. రాట్నముండవలెనను తలంపు జలంధరు లాలా హంసరాజుగారిది. తెల్లని పట్టీ మహాత్ముడు చేర్చుమన్నది. కొందరు దీనిని విడిచి సమస్తమును వెంకయ్యగారికే కట్టబెట్టుదురు. అది వారికి గౌరవము కాదని మా యభిప్రాయము. వారి చేతిపని చాలును. అన్యదేశముల జెండాలపై సింహములును, గరుడపక్షులును, కిరీటములును నుండగా, మన జెండాపై అవ్వ పంచలో కూర్చుండి త్రిప్పు రాట్నము వచ్చి నిలిచెను. అక్షరము రాని పల్లెవాడును దానిని తన యింటి వస్తువని చూచినంతనే గుర్తింపగలిగెను.

1931లో పట్టీల రంగులు కాషాయము, తెలుపు, ఆకుపచ్చగా మారెను. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నమునకు బదులు అశోకచక్రమును స్వీకరించెను. ఇందొక సూక్ష్మము కలదు. గాలికెగురు గుడ్డను జనులు రెండు ప్రక్కలనుండియు చూతురు. రాట్నము వెనుకప్రక్కన కుడియెడమలు తారుమారై కనబడును. చక్రమునకా చిక్కు లేదు. చిత్రలేఖనము నేర్చు బాలురు కాగితముపై గీసి వెలుతురునకెత్తి చూచినచో వెంటనే తెలియును.

జెండా యింటింట నెగిరినను దానికి తొలిరూపు దిద్దినవారిని తలచినవారు తక్కువ. వెంకయ్యగారు 1963 జూలై 4న పేదరికములోనే కన్నుమూసిరి. వారి పేర తపాలాబిళ్ళ వెలువడుటకు 2009 వరకు పట్టెను. వారి కుమార్తె మన మాచర్లలో నివసించిరి. 2021లో ముఖ్యమంత్రి మాచర్లకు వచ్చి ఆ వృద్ధురాలిని సన్మానించిరి; మరుసటి యేట ఆమె గతించిరి.