ఆకలికిని అంటుకును నడుమ: గుఱ్ఱం జాషువ జీవితము

బ్రహ్మనాయుడు మాచెర్లలో సర్వకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని పలనాటి వీరకథ చెప్పుచున్నది. ఆయన సేనలకు నాయకుడు మాల కన్నమదాసు. ఆ కథా కాలమైన పండ్రెండవ శతాబ్దికి ఏడువందల యేండ్ల తరువాత, వినుకొండలో, 1895 సెప్టెంబరు 28వ తేదీన గుఱ్ఱం జాషువ జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున పుట్టినది. కుటుంబము క్రైస్తవము నవలంబించినది. చాపకూడు అప్పటికి పాటలలో మాత్రమే మిగిలియుండెను. అంటరానితనము వీథివీథినా నుండెను.

బొమ్మలు గీయుట, పాటలు పాడుట ఆయనకు చిన్ననాడే అబ్బినవి. కులము పేరెత్తి గేలిచేసిన పిల్లలపై తిరుగబడి కొట్టుటయు అప్పుడే అలవడినది. ఈ రెండవ గుణమును బడిలో మెచ్చుకొనరాదు గాని, తరువాతి కవిత్వమునకు మూలధాతువు ఇదియే. దీపాల పిచ్చయ్యశాస్త్రి బాల్యమిత్రుడు. ఇరువురును జంటకవులుగా వ్రాయవలెనని ప్రయత్నించిరి. జూపూడి హనుమచ్ఛాస్త్రి ఆయనకు రఘువంశ కుమారసంభవములను, మేఘసందేశమును పాఠము చెప్పెను. ఈ మేఘసందేశము సంగతి పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1910లో వివాహమైనది. మిషను పాఠశాలలో ఉద్యోగము. నెలకు మూడు రూపాయల జీతము. అదియైనను నిలువలేదు. హిందూ పురాణ కథలను పద్యములుగా కట్టుచున్నాడను నెపమున క్రైస్తవ సమాజము ఆయన కుటుంబమును వెలివేసెను. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందరు అవమానించిరి. ఒకరికి ఆయన వ్రాత సరిపడలేదు, మఱియొకరికి పుట్టుక సరిపడలేదు. ఇంట పొయ్యి మాత్రము ఉభయుల వలనను చల్లారినది.

బ్రతుకుతెరువు వెదకికొనుచు రాజమహేంద్రవరము చేరెను. 1915, 16 సంవత్సరములలో అచట ఆయన పని సినిమా వాచకత్వము. అవి మూకీల దినములు. తెరపై బొమ్మలు కదలుచుండగా తెర చాటున నిలిచి, కథను సంభాషణలను ప్రేక్షకులకు వినిపింపవలెను. చీకటిలో వినబడు కంఠమును కులమడుగు వారుండరు. దీపములు వెలిగిన పిమ్మట మాత్రము ప్రశ్నలు యథాప్రకారము.

తరువాత గుంటూరు. లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో సుమారు పదేండ్లు, పిదప 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయ పదవి. ఉభయ భాషాప్రవీణుడాయెను. జీతము నిలకడగా వచ్చెను. పట్టణమందలి పేదరికము సంపాదనకు సంబంధించిన మాటయే గాని కులముతో దానికి పనిలేదని వాదించువారు నాడును కలరు, నేడును కలరు. వారి వాదములో కొంత సత్యము లేకపోలేదు. పట్టణములందు అన్ని కులములలోను కూటికి లేనివారుందురు. ఆ సంగతి జాషువకు తెలియనిది కాదు. 1932 నాటి పిరదౌసి కావ్యములో ఆయన చెప్పినది అట్టి అన్యాయమే: బంగారు నాణెములిత్తునన్న గజనీ మహమూదు వెండి నాణెములు పంపి కవిని వంచించెను. అందు కులము ప్రసక్తి లేదు. మాట తప్పిన ప్రభువు, కూలి దక్కని కవి, అంతే.

అయితే జీతము వచ్చిన తరువాత గుంటూరులో జాషువకు కులము పోయెనా? పోలేదు. తన పద్యము విని మెచ్చుకొన్నవారే తానెవరో తెలిసికొని లేచిపోవుటను ఆయన పద్యములలోనే చెప్పుకొనెను. దరిద్రమునకు విరుగుడు రూపాయి. ఆ రూపాయి చేతికందిన పిమ్మట కూడ మిగిలియున్న దానిని దరిద్రమని ఎట్లనగలము?

1941లో వెలువడిన గబ్బిలము ఈ రెంటిని ఒక్కచోట చూపినది. తంజావూరి సీమలో ఒక అరుంధతీసుతుడు. ఒడలు వంచి పాటుపడును, కడుపు నిండదు. రాత్రివేళ గుడిసెలోనికి వచ్చిన గబ్బిలమును కాశీ విశ్వేశ్వరుని యొద్దకు రాయబారిగా పంపును. కాళిదాసుని యక్షునికి మేఘము. వీనికి జనులు అశుభమని అదలించు పక్షి! కారణము స్పష్టము. ఆలయములో ప్రవేశము వీనికి లేదు, గబ్బిలమునకు కలదు. దేవుని చెవికి దగ్గరగా వ్రేలాడునది అదియే గనుక, పూజారి లేని సమయము చూచి తన బాధ చెప్పుమని వీడు దానిని వేడుకొనును. వాని ఆకలికి కూలి పెంచిన చాలునేమో. గుడి తలుపునకు మాత్రము కూలితో నిమిత్తము లేదు. హనుమచ్ఛాస్త్రి చెప్పిన పాఠము ఈ విధముగా ఫలించినది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వహస్తములతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగెను. సంప్రదాయ పండితలోకమున అంతకు మించిన సన్మానము లేదు. 1950లో రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను. అదే యేట వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును మతముతో ముడిపెట్టుటచే, క్రైస్తవులైన మాల మాదిగలు ఆ పట్టికకు వెలియైరి. ఇరువైపుల వెలిని యౌవనముననే చవిచూచినవాడు జాషువ.

1957 నుండి 59 వరకు మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత. 1964లో శాసనమండలి సభ్యత్వము. క్రీస్తుచరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ఆ యేడాదిదే. 1970లో పద్మభూషణము. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసెను. కుమార్తె హేమలత లవణం జోగినీ దురాచార నిర్మూలనమునకును, నేరస్థజాతులని ముద్రవేయబడిన స్టువర్టుపురమువారి పునరావాసమునకును పాటుపడినది.