చూపు తగ్గినా ఆగని వయొలిన్



చదువులో వెనకబడిన పిల్లవాడిని ఇంట్లో ఎవరు నమ్మాలి? ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఆయన అన్నయ్య నమ్మారు.

నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు సరిగా లేక బడి చదువు సాగలేదు. అన్నయ్య వెంకటకృష్ణయ్య గారే వయొలిన్ నేర్పారు. 1919లో విద్యార్థిగా చేరదామని విజయనగరం సంగీత కళాశాలకు వెళితే, ఆయన వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారు! 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యమైన వయొలిన్‌తో సోలో కచేరీలు చేసి మెప్పించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. 1964లో కన్నుమూశారు.

మన మానవపాడు ఇళ్లలోనూ పాడే పిల్లలున్నారు. మార్కులు తగ్గాయని పాట మాన్పించే ముందు ఈ అన్నదమ్ములను ఒక్కసారి గుర్తు చేసుకోండి.