మంచు పరీక్షకు నిలిచిన మనీషి – ఫ్రిట్యోఫ్ నాన్సెన్

మంచు అనగానే మన నగరవాసికి తోచేది వేసవికాలంలో చెరకురసపు బండిమీద గోనెపట్టా కప్పుకొని కరిగిపోతూ ఉండే గడ్డ మాత్రమే. నల్లకుంట నుండి విద్యానగర్ మీదుగా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని దాటి తార్నాకకు నడచిపోయే విద్యార్థికి ఎండ, దుమ్ము, వానాకాలపు బురద చిరపరిచితాలే గాని, ఆకాశం నుండి రాలిన హిమాన్ని కాలితో త్రొక్కే అవకాశం ఎన్నడూ కలుగదు. అట్టి మన పాఠకులకు, పాదాలకు కర్రబద్దలు కట్టుకొని గ్రీన్లాండు మంచుపీఠభూమిని దాటిన ఒక నార్వే దేశీయుని జీవితంతో పని ఏమి అనే ప్రశ్న ఉదయించవచ్చు. పని ఉన్నదనియే మా అభిప్రాయం. ఒక క్రొత్త పనిముట్టును నిజాయితీగా పరీక్షించుట ఎట్లో ఆయన యౌవనం చెబుతుంది. ఇల్లూ దేశమూ కోల్పోయిన మనుష్యుల విషయంలో అట్టి పరీక్ష ఎంత కఠినమో ఆయన వార్ధక్యం చెబుతుంది.

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861 అక్టోబరు 10న నార్వే రాజధాని సమీపంలో జన్మించాడు. నేడు ఓస్లో అని పిలువబడే ఆ నగరానికి ఆనాటి పేరు క్రిస్టియానియా. తండ్రి న్యాయవాది, మితభాషి, క్రమశిక్షణకు మారుపేరు. తల్లి ఉన్నతవంశంలో పుట్టినా, కులీన స్త్రీలకు తగదని లోకం భావించిన స్కీ విద్యను అభ్యసించిన ధైర్యవంతురాలు. ఆ తల్లి ఒడిలోనే బాలునికి మంచుతో చెలిమి కలిగింది. స్కీలు అంటే పొడవైన సన్నని చెక్కబద్దలు. వాటి ముందుకొన పడవ ముక్కువలె పైకి వంగి ఉంటుంది. మెత్తని మంచుమీద మామూలు కాలు మోకాటి వరకు దిగబడిపోతుంది. అదే బరువును బారెడు బద్దమీద పరచినచో మనిషి దిగబడక జారిపోతాడు. బురదపొలంలో పలక పరచుకొని నడిచే రైతు ఎరిగిన సూత్రమే ఇది.

విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివిన నాన్సెన్ 1882లో సీలు జంతువుల వేట నౌకపై ఉత్తరసముద్రాలకు వెళ్లి, గ్రీన్లాండు తూర్పుతీరాన్ని దూరం నుండి చూశాడు. అదే సంవత్సరం బెర్గెన్ పట్టణపు మ్యూజియంలో ఉద్యోగంలో చేరాడు. 1884 శీతాకాలంలో బెర్గెన్‌కూ రాజధానికీ నడుమ గల పర్వతశ్రేణిని స్కీలపై దాటి, వాటి శక్తిని స్వయంగా ఎరిగాడు. నాడీమండల నిర్మాణంపై ఆయన వ్రాసిన పరిశోధనకు 1888లో డాక్టరేటు లభించింది. సూక్ష్మదర్శిని ముందు గంటల తరబడి కూర్చునే ఓర్పు, మంచుగాలికి ఎదురునడిచే సాహసం ఒకే వ్యక్తిలో కూడుట అరుదు. ఆ రెండూ ఆయనలో కూడినవి.

గ్రీన్లాండు లోపలిభాగాన్ని స్కీలతో దాటవచ్చుననే తలంపు ఆయనకు ఊరక పుట్టలేదు. 1883లో స్వీడను అన్వేషకుడు నోర్డెన్‌షోల్డ్ ఆ ద్వీపానికి వెళ్లినప్పుడు, ఆయన పంపిన ఇద్దరు సామీ జాతీయులు స్కీలపై చాలా దూరం లోపలికి పోయి వచ్చారు. సామీలు ఉత్తర ఐరోపాలోని అల్పసంఖ్యాక జాతి. రెయిన్‌డీర్ మందలను మేపుకొని జీవించేవారు. వారు పోయివచ్చామన్న దూరాన్ని నాగరికులు నమ్మలేదు. అంతట 1884లో యోక్‌మోక్ అనే చోట సుమారు 220 కిలోమీటర్ల స్కీ పందెం ఏర్పాటు చేశారు. సందేహానికి గురైన ఇద్దరిలో ఒకడైన లార్స్ టువోర్దా 22 గంటల లోపుగానే ఆ దూరాన్ని ముగించి ప్రథముడైనాడు. అల్పసంఖ్యాకుని మాటకు విలువ రావాలంటే అతడు రెండుమార్లు పరుగెత్తవలసి వచ్చిందని ఈ సందర్భంలో మనం గమనించక తప్పదు.

నాన్సెన్ పథకం విచిత్రమైనది. అంతకుముందు వెళ్లినవారందరూ జనావాసాలున్న పశ్చిమతీరం నుండి బయలుదేరి, కష్టం కలిగినప్పుడు వెనుదిరిగేవారు. ఈయన నిర్జనప్రాయమైన తూర్పుతీరం నుండి బయలుదేరుదునన్నాడు. అప్పుడు వెనుకకు పోవుటకు దిక్కుండదు గనుక ముందుకే పోవలె. నార్వే ప్రభుత్వం ధనమివ్వ నిరాకరించింది. కోపెన్‌హాగెన్ వర్తకుడు ఆగుస్టిన్ గామెల్ 5,000 క్రోనర్లు ఇచ్చి ఆదుకొన్నాడు. బృందంలో ఆరుగురు: నాన్సెన్, ఓటో స్వెర్‌ద్రుప్, డీట్రిక్‌సన్, క్రిస్టియన్‌సెన్, సామీ జాతీయులైన శామ్యూల్ బాల్టో, ఓలె రావ్నా.

ఇక పనిముట్ల విషయం. నాన్సెన్ తొమ్మిది జతల స్కీలు సిద్ధం చేయించాడు. అందులో రెండు జతలు ఓక్ కర్రతో, ఏడు జతలు మన కవులు భూర్జవృక్షమని పిలిచే బర్చ్ కర్రతో చేసినవి. ఓక్ స్కీ పొడవు సుమారు 2.30 మీటర్లు, అనగా నిలువెత్తు మనిషికంటే అధికం. వెడల్పు ముందువైపు 9 సెంటీమీటర్లు, తక్కినచోట 8. బలానికై పైభాగాన నిడుపాటి గట్టు, సూటిగా సాగుటకై అడుగున మూడు సన్నని గాళ్లు ఉండేవి. బర్చ్ స్కీలకు ఒక నూతనాలంకారం చేర్చాడు. వాటి అడుగున పలుచని ఉక్కురేకు తాపడం చేయించి, నడిమిభాగంలో రేకును చతురస్రంగా కోసి, అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పి తోలును వెంట్రుకలతోసహా అమర్చాడు. కరగుతూ గడ్డకడుతూ గరుకుగా మారే తడిమంచుపై ఉక్కు బాగా జారుతుందనీ, ఎత్తు ఎక్కేటప్పుడు వెంట్రుకలు పట్టునిచ్చి వెనుకకు జారకుండా ఆపుననీ ఆయన యోచన. ఇవి చాలక కెనడా పద్ధతిలో అల్లిన మంచుచెప్పులు కూడా వెంట తీసుకొన్నాడు.

1888 జులై 17న జాసన్ అనే నౌక వారిని తీరానికి దూరంగా మంచుగడ్డల మధ్య దించింది. పడవలు తీరం చేరకముందే ప్రవాహం వారిని తేలుమంచుతోసహా దక్షిణంగా వందల కిలోమీటర్లు ఈడ్చుకొని పోయింది. తిరిగి ఉత్తరంగా తెడ్లు వేసుకొని వచ్చి, ఉమివిక్ అనేచోట ఆగస్టు 15న మంచుపీఠంపైకి ఎక్కనారంభించారు. మొదట పగుళ్లతో నిండిన గట్టిమంచు. అక్కడ స్కీలు కట్టుకొనుటకే వీలులేదు. తరువాత మెత్తని మంచు ఎత్తులు. అక్కడ మంచుచెప్పులు పనికివచ్చాయి గాని, సామీలకు అవి ఏమాత్రం నచ్చలేదు. సెప్టెంబరు ఆరంభంలో మైదానంవంటి భాగం చేరగానే స్కీలు కట్టారు. అప్పటినుండి వాటిని విప్పవలసిన అవసరం బహు తక్కువగా కలిగింది. పీఠభూమి శిఖరభాగం సుమారు 2,700 మీటర్ల ఎత్తు. రాత్రివేళ చలి సున్నాకు దిగువ 45 డిగ్రీల వరకు దిగింది. అంతటి చలిలో మంచు జారుడుగుణాన్ని కోల్పోతుంది. స్కీ జారుటకు రాపిడివేడికి ఏర్పడే పలుచని నీటిపొర తోడ్పడుతుంది. అతిశీతలంలో అది ఏర్పడదు. కొత్తగా రాలిన పొడిమంచు ఇసుకవలె పట్టివేయగా, సుమారు నూరు కిలోల బరువు గల స్లెడ్జి బండ్లను వారు స్వయంగా లాగవలసి వచ్చింది. పడమటివాలు చేరాక గాలి అనుకూలించగా, బండ్లకు తెరచాపలు కట్టి వాటి వెంట జారిపోయారు.

పరీక్షాఫలితం ఏమైనది? ఏ గరుకు తడిమంచుకై ఉక్కురేకులు తొడిగించాడో ఆ మంచు వారికి ఎదురుపడనేలేదు. రేకులూ తోలూ లేకపోయినా ప్రయాణం సాగేదే. నాన్సెన్ ఈ విషయాన్ని మరుగుపరచలేదు. 1890లో ప్రకటించిన తన గ్రంథంలో, స్కీల కొలతలతోపాటు, తన నూతనకల్పన ఈ యాత్రలో అక్కరకు రాలేదని కూడా స్పష్టంగా వ్రాసుకొన్నాడు. ఆహార విషయంలో మరొక లోపం బయటపడింది. వారు తీసుకొన్న ఎండుమాంసంలో ఉండవలసిన కొవ్వు లేదు. అందరినీ కొవ్వుకై తీరని ఆకలి పీడించింది. స్కీలను పరీక్షించినంత శ్రద్ధగా ఆహారాన్ని పరీక్షించకపోవుట వలన కలిగిన ఇక్కట్టు ఇది. అయినను అక్టోబరు 3న నాన్సెన్, స్వెర్‌ద్రుప్ గాడ్‌టాబ్ గ్రామం చేరారు. కొద్దిదినాలకు తక్కిన నలుగురూ పడవలపై వచ్చి కలిశారు. ఒక్క ప్రాణమూ పోలేదు. ఈనాడు ఆ గ్రామమే నూక్ అనే పేరుతో గ్రీన్లాండు రాజధాని.

ఆ వెనుక చరిత్ర జగద్విదితం. 1893లో ఫ్రామ్ అనే నౌకను బుద్ధిపూర్వకంగా మంచులో చిక్కించి, ప్రవాహంతో ధ్రువసముద్రంలో తేలాడు. 1895లో యోహాన్‌సెన్ తోడుగా స్కీలతో, కుక్కలబండ్లతో ఉత్తరానికి సాగి, అంతవరకు మానవుడు చేరని 86 డిగ్రీల 14 నిమిషాల అక్షాంశాన్ని చేరాడు. 1896లో స్వదేశం చేరునాటికి ఆయన జాతీయవీరుడు. పిదప సముద్రశాస్త్ర ఆచార్యుడైనాడు. 1906 నుండి 1908 వరకు లండనులో నార్వే రాయబారిగా పనిచేశాడు.

అరువది ఏండ్ల వయస్సు సమీపిస్తున్నవేళ ఆయనకు మరొక మంచుపీఠభూమి ఎదురైంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసినా లక్షల బందీలు పరదేశాలలో మ్రగ్గుచుండిరి. నానాజాతిసమితి 1920లో వారిని స్వస్థలాలకు చేర్చే భారాన్ని నాన్సెన్‌కు అప్పగించింది. రెండేండ్లలో నాలుగు లక్షలకు పైగా బందీలు ఇండ్లు చేరారు. 1921లో ఆయన కాందిశీకుల హైకమిషనరైనాడు. దేశము లేనివానికి పాస్‌పోర్టు ఉండదు. పాస్‌పోర్టు లేనివానిని ఏ సరిహద్దూ దాటనివ్వదు. ఈ చిక్కుకు ఆయన ఆలోచించిన పనిముట్టు ఒక చిన్న కాగితం. 1922లో వెలువడిన ఆ పత్రం నాన్సెన్ పాస్‌పోర్టుగా ప్రసిద్ధమైనది. క్రమంగా యాభైకి పైగా ప్రభుత్వాలు దానిని గుర్తించగా, సుమారు నాలుగున్నర లక్షల మంది దానివలన లబ్ధి పొందారు. వారిలో సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ వంటివారున్నారు. రష్యా క్షామపీడితుల కోసమూ, అర్మీనియా కాందిశీకుల కోసమూ ఆయన పడిన శ్రమ అంతింత కాదు. 1922లో లభించిన నోబెల్ శాంతిబహుమతి ధనాన్ని సహాయకార్యాలకే వెచ్చించాడు.

మహనీయుల జీవితంలో మెచ్చదగినవే చెప్పి ఊరకొనుట చరిత్ర కాదు. గ్రీసు, తుర్కీల యుద్ధం ముగిసినప్పుడు, ఆ రెండు దేశాల అల్పసంఖ్యాకులను పరస్పరం మార్చుకొనే ప్రతిపాదనకు నాన్సెన్ తోడ్పడినాడు. 1923 జనవరి 30న లోసాన్ నగరంలో కుదిరిన ఒడంబడిక ఆ మార్పిడిని నిర్బంధం చేసింది. అప్పటికే పారిపోయినవారితో కలిపి పండ్రెండు లక్షల క్రైస్తవులు గ్రీసుకూ, సుమారు నాలుగు లక్షల ముస్లిములు తుర్కీకీ చెందవలసి వచ్చింది. ఎవరు ఎక్కడికి పోవలెనో నిర్ణయించినది భాష కాదు, మతం మాత్రమే. క్రీటు ద్వీపంలో గ్రీకుతప్ప వేరుభాష రాని ముస్లిము తుర్కీకి పోయాడు. అనటోలియాలో తుర్కీభాష తప్ప వేరెరుగని క్రైస్తవుడు గ్రీసుకు పోయాడు. ఇద్దరూ చేరిన గడ్డపై పరదేశులే అయ్యారు. మరింత రక్తపాతాన్ని ఆపుటకే ఆయన దీనికి ఒప్పుకొన్నాడని సమర్థించేవారున్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని తెలుగును మాతృభాషగా, బోధనావృత్తిగా స్వీకరించిన ముస్లిములమైన మేము, ఆ క్రీటు ద్వీపవాసి తన ఊరి పలుకును ఎవరితో మాట్లాడుకొన్నాడో అని తలపోయకుండ ఈ పుటను త్రిప్పలేకున్నాము. తిరుగుదారి లేని ప్రయాణానికి తన ప్రాణాన్ని పణంగా ఒడ్డుట సాహసం. అడగకుండ ఇతరుల ఇండ్లను ఒడ్డుట వేరొక విషయం. స్కీలు సరిపడకపోతే విప్పివేయవచ్చును. విడిచిన ఊరిని తిరిగి కట్టుకొనుట సాధ్యం కాదు.

నాన్సెన్ 1930 మే 13న తన గృహంలో కన్నుమూశాడు. నార్వే జాతీయదినమైన మే 17న ఆయన అంత్యక్రియలు జరిగాయి. ఆయన పేరిట నెలకొన్న కాందిశీకుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతిబహుమతి లభించింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1954 నుండి ఆయన పేర పురస్కారం ఇస్తున్నది. సహచరుడు బాల్టో కూడా విస్మృతుడు కాలేదు. అతడు వ్రాసుకొన్న యాత్రాకథనానికి నాన్సెన్ తన గ్రంథంలో చోటిచ్చాడు. తరువాత అతడు అలాస్కా చేరి అక్కడే స్థిరపడ్డాడు. 1925లో రోగులకు మందు చేరవేసి ప్రసిద్ధికెక్కిన బాల్టో అనే కుక్కకు ఆ పేరు అతనినిబట్టి వచ్చినదే.

మంచు మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. 1982 జనవరి 9న అంటార్కిటికాపై అడుగుపెట్టిన మొదటి భారతీయ బృందానికి నాయకుడైన సయ్యద్ జహూర్ ఖాసిం, నాన్సెన్‌వలెనే సముద్రాన్ని అధ్యయనం చేసిన శాస్త్రజ్ఞుడు. తార్నాకకు కూతవేటు దూరంలో ఉప్పల్ రోడ్డుపై నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు కూడా ఆ హిమఖండ యాత్రలలో పాల్గొన్నారు. మన విద్యార్థులు ప్రతిదినం ఆ గోడల ప్రక్కనుండే పోతూవస్తూ ఉంటారు.

ప్రయోగశాలలో ఆశించిన ఫలితం రానప్పుడు, నోటు పుస్తకంలో ప్రక్కవాని అంకెలు ఎక్కించుకొనే అలవాటు విద్యార్థిలోకంలో ఉన్నది. ఉక్కురేకులు అక్కరకు రాలేదని వ్రాసుకొన్న నాన్సెన్‌ను అట్టి విద్యార్థి ఒక్కమారు స్మరించుట మంచిది. మనుష్యుల బ్రతుకులకు సంబంధించిన నిర్ణయాలు చేసే పెద్దలు ఆ క్రీటు ద్వీపవాసిని స్మరించుట మరింత మంచిది.