చట్టం, న్యాయం, అల్లూరి సీతారామరాజు

చట్టాన్ని చేతిలోకి తీసుకోవడం తప్పా, ఒప్పా అన్న చర్చ మన సంఘం సమావేశాల్లోనూ అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. నా మటుకు నాకు ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా అల్లూరి సీతారామరాజు గారే గుర్తుకు వస్తారు. ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితాన్ని ఆ కోణం నుంచి నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

శ్రీ రాజు 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో జన్మించారు. తండ్రి వెంకటరామరాజు గారు ఫోటోగ్రాఫరు. రాజు చిన్నతనంలోనే ఆయన కాలం చేశారు. చదువు ఏ ఊళ్ళోనూ నిలకడగా సాగలేదు. ఉత్తరదేశ యాత్రలు చేసి, 1917 నాటికి మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరి సన్యాసి జీవితం గడిపారు.

అప్పటికి కొండజనం పరిస్థితి దయనీయం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయం నేరమైపోయింది. తాతల నాటి నుంచి బతుకుతున్న అడవిలో పుల్ల విరిచినా జుల్మానా. దీనికి తోడు గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు రోడ్డు పనులకు జనాన్ని బలవంతంగా తోలి, సరైన కూలి ఇవ్వకుండా పీడించాడు. అతనిపై ఫిర్యాదులు వెళ్ళాయి, ఫలితం దక్కలేదు. ఫిర్యాదు ఏ మెట్టు ఎక్కినా విచారణ చేసేది ఆ ప్రభుత్వమే, శిక్షించవలసిందీ ఆ ప్రభుత్వమే.

రాజు మొదట ఆయుధం పట్టలేదని ఇక్కడ మనం గమనించాలి. కల్లు, సారా మానమన్నారు. కోర్టుల చుట్టూ తిరగక తగాదాలు పంచాయితీలోనే తీర్చుకోమన్నారు. ఆ మాత్రానికే ప్రభుత్వం ఆయన మీద నిఘా పెట్టింది. శాంతియుతమైన దారి కూడా అనుమానంగా కనబడిన తరువాతనే ఆయన రెండో దారి పట్టారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లపై దాడి జరిగింది. గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనకు కుడిభుజాలు. మొత్తం 26 తుపాకులు దొరికాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించారు. చింతపల్లిలో తాము తీసుకున్న 11 తుపాకులకు, మందుగుండుకు లెక్క రాసి, స్టేషను డైరీలో రాజు సంతకం చేశారు. ఆ తరువాత అక్టోబరులో అడ్డతీగల స్టేషను మీదికి వెళ్ళినప్పుడు ముందుగా కబురు పెట్టి మరీ వెళ్ళారు.

నేను సర్వీసంతా గుమాస్తాగానే పని చేసినవాణ్ణి గనుక సంతకం విలువ నాకు తెలుసు. సంతకం పెట్టినవాడు రేపు జవాబు చెప్పుకోవాలి. దొంగ సంతకం చేయడు. గుంపులో చేరి ఒక మనిషిని కొట్టి చంపేవాడూ చేయడు, వాడి బలమంతా ఎవరికీ తెలియకపోవడంలోనే ఉంది. రాజు తన పని తనదేనని ఒప్పుకుని, దాని బరువు తన నెత్తిన వేసుకున్నారు.

అలాగని ఆ బరువు చిన్నది కాదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు ప్రాణాలు కోల్పోయారు. భారతీయ పోలీసులను పోనిచ్చి తెల్లవారినే గురి చూశారని చెబుతారు. అయినా ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. తరువాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ వారు మన్యంలో దిగాక ఆ బాధ పడింది గూడేల్లోని జనం. వారి కష్టం చూడలేకనే రాజు చివరకు పట్టుబడడానికి సిద్ధపడ్డారని జనం ఈనాటికీ చెప్పుకుంటారు. ఒకడు తలపెట్టిన న్యాయానికి పదిమంది మూల్యం చెల్లించవలసి వస్తుంది. దీన్ని దాచిపెట్టి ఆయన్ను పొగడడం సబబు కాదు.

1924 మే 7న రాజు మంప దగ్గర పట్టుబడ్డారు. అదే రోజు కొయ్యూరులో మేజర్ గుడాల్ చేతిలో ఆయన ప్రాణం పోయింది. పారిపోబోతుండగా కాల్చామన్నది సర్కారు మాట. చెట్టుకు కట్టి కాల్చారన్నది జనం మాట. ఏది ఎలా ఉన్నా విచారణ జరగలేదు, తీర్పు లేదు. ఆయన వయస్సు అప్పటికి 27 కూడా నిండలేదు.

నాకు తోచిన సంగతి ఇది. వినే కోర్టు లేక చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవాడు రాజు. కోర్టు, మేజిస్ట్రేటు, జైలు అన్నీ తమ వెనుక ఉండి కూడా చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవారు ఆనాటి పాలకులు. చేతికి దొరికిన ముద్దాయిని న్యాయస్థానం ముందు నిలబెట్టలేని ప్రభుత్వానికి, అతణ్ణి తిరుగుబాటుదారు అనే అర్హత ఎక్కడిది? రెండు తప్పులనీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు. అధికారం ఉన్నవాడి తప్పే బరువెక్కువ.

ఈ రోజుల్లో మనకు ఓటు ఉంది, కోర్టు ఉంది, అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. పని ఆలస్యమైనా ఆ దారులు మూసుకుపోలేదు. కాబట్టి రాజు పేరు చెప్పి ఎవరైనా కర్ర పట్టుకుంటే నేను సమ్మతించను. అయితే కుర్చీలో కూర్చున్నవారికి మాత్రం ఒక మాట. రాజుతో నడిచిన మల్లుదొర జైలు అనుభవించి, 1952లో ప్రజల ఓటుతో పార్లమెంటుకు వెళ్ళారు. ఆ కొండల మనిషి మాట వినడానికి ముందే ఒక చోటు ఉండి ఉంటే, 1922లో తుపాకుల అవసరమే వచ్చేది కాదేమో. అర్జీ అందుకున్న ప్రతి ఉద్యోగీ ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక.