మూసారాము

పాతబస్తీకి తూర్పుగా, మలకపేట దాటి పోవు బాటసారికి మూసారాంబాగు అను పేట తగులును. ఆ పేరు విన్నవారు ఎవడో రామభక్తుడు వేయించిన తోట గాబోలు ననుకొందురు. మహమ్మదీయులలో కొందరు అది మూసా రహీము పేరని చెప్పుదురు. నిజమునకు ఆ పేరు రెండు మతములలో దేనికిని చెందినది కాదు. ఫ్రెంచి భాషలో ‘మొస్యె’ అనునది మన ‘అయ్యా’ వంటి గౌరవవాచకము. మొస్యె రేమో అను దొర పేరు నగరవాసుల నోట నలిగి నలిగి హిందువులకు మూసారాముగను, ముస్లిములకు మూసారహీముగను మారినది. ఒక సైనికునికి ఇట్టి గౌరవము దక్కుట అరుదు.

మిషెల్ జొవాషిం మరీ రేమో 1755లో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, గాస్కొనీ ప్రాంతములో జన్మించెను. తండ్రి వర్తకుడు. కొడుకును వర్తకమునకే 1775లో సరకులతో పుదుచ్చేరికి వచ్చెను. కాని ఆ కాలపు దక్షిణాపథమున సరకుకంటె కత్తికి గిరాకి యెక్కువ. రేమో వ్యాపారము విడిచి మైసూరు హైదరాలీ కొలువులోని ఫ్రెంచి దళమున చేరెను. 1783లో ముదుసలియైన బుస్సీ సేనాని ఫ్రాన్సు నుండి మరల వచ్చినపుడు ఆయనకు సహాయాధికారి యయ్యెను. బుస్సీ 1785లో పుదుచ్చేరిలో మరణించెను. మరుసటి యేడు రేమో హైదరాబాదు చేరి రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను.

మొదట ఆయన వెంట నున్నవారు మూడు వందల మంది మాత్రమే. వారి తుపాకులును సొంతము గావు. ఒక ఫ్రెంచి వర్తకునియొద్ద తుపాకి యొక్కంటికి నెలకు ఎనిమిదణాల బాడుగకు తెచ్చినవి. బాడుగ తుపాకులతో మొదలైన ఈ దళము తొమ్మిదేండ్లలో పదివేలు దాటినది.

ఈ పెరుగుదల రహస్యము దెలియవలెనన్న ఆనాటి తుపాకి స్వభావము తెలియవలెను. చెకుముకిరాతి నిప్పుతో పేలు ఆ తుపాకి గొట్టము లోపల నున్నగా నుండును. గుండు గొట్టముకంటె ఇంచుక చిన్నది. నూరు గజములు దాటిన వెనుక ఒక మనిషిని గురి చూచి కొట్టుట అదృష్టమే. గొట్టము లోపల మరచుట్ల వంటి గాడులు తీర్చిన తుపాకులు అప్పటికే కలవు. నేటి దూరపు గురికాండ్ర తుపాకులకు అవియే పూర్వులు. కాని వానిలో గుండు బిగించి కూరుటకు చాల సేపు పట్టును గనుక పెద్ద సేనలు వానిని కోరలేదు. కావున నేర్పు గురిలో గాక వరుసలో నుండెను. వందలమంది ఒక్క మాటపై పేల్చి, ఒక్క మాటపై మరల నింపవలెను. అందరి గొట్టములు ఒకే కొలతవి కాకున్న ఒకని గుండు వేరొకనికి పనికిరాదు. నానావిధములైన ఆయుధములను ఒక చోట ప్రోగుచేసినంత మాత్రమున సేన కాజాలదు.

రేమో ఈ సంగతి బాగుగ నెరిగినవాడు. పరదేశపు ఓడలు తెచ్చు తుపాకులపై ఆధారపడిన రాజ్యము ఆ ఓడలు ఆగిననాడు నిరాయుధమగును. అందుచే ఆయన ఐరోపా పనివారి పర్యవేక్షణలో నగరముననే కార్ఖానాలు నెలకొల్పెను. అచట ఫిరంగులు పోతపోసిరి. తుపాకులు, మందు తయారుచేసిరి. మూసీకి ఉత్తరమున ఫతేమైదానము చెంత నేటికిని ఆ పోతశాల అవశేషములు గలవు. జనులు దానిని తోప్‌కా సాంచా అందురు. గన్‌ఫౌండ్రీ అను పేట పేరును దానినుండి వచ్చినదే. సిపాయిల జీతములకై నిజాము భూముల ఆదాయమును రేమో వశము చేసెను. జీతము తప్పక యిచ్చు సేనాపతియని సిపాయిలు ఆయనను ప్రేమించిరి. ఆనాటి సంస్థానములలో ఇది సామాన్యమైన గుణము కాదు.

1795 మార్చి 11వ తేదీన ఖర్డాయొద్ద నిజాము మరాఠాలతో తలపడెను. సింధియా పక్షమున పెరాన్ అను మరియొక ఫ్రెంచివాడు నిలువగా, ఇరువైపుల ఫ్రెంచి కవాతు నేర్చిన తెలుగు, దక్కనీ, హిందుస్తానీ సిపాయిలు ఒకరి నొకరు కాల్చుకొనిరి. రేమో దళము చెదరలేదు. కాని నిజాము ఆ రాత్రి భయపడి ఖర్డా కోటలోనికి తగ్గిపోవుటతో యుద్ధము చేతులు జారెను. మూడు కోట్ల రూపాయలు, కొంత భూభాగము ఇచ్చుటకు ఒప్పుకొని, మంత్రి అరిస్తూజాను పూనాకు జామీనుగ పంపవలసి వచ్చెను.

ఆంగ్లేయ గవర్నరు జనరలు షోర్ తటస్థుడై యుండిపోయినందుకు నిజాము మండిపడి, కొలువులోని కుంపిణీ పటాలములను పంపివేసి, రేమో దళమును పెంచెను. ఆ యేడే రాజకుమారుడు అలీజా తిరుగబడెను. నిజాము భయపడి ఆంగ్లేయులను మరల పిలిచెను గాని, వారు అందుకొనులోపలనే రేమో తిరుగుబాటు నణచెను.

ఇక రేమో ప్రాభవమునకు మేర లేకపోయెను. అతని సేన విప్లవ ఫ్రాన్సు త్రివర్ణ పతాకము నెత్తి నడచెడిది. ప్రభువు సింహాసనము నాశ్రయించి ప్రభుత్వములను కూలద్రోసిన జెండా పట్టుట విచిత్రమే. నిజాము దానిని పట్టించుకొన్నట్లు లేదు. ఆంగ్లేయులు మాత్రము పట్టించుకొనిరి. ఒకవంక శ్రీరంగపట్నమున టిప్పూ, ఒకవంక హైదరాబాదున రేమో. ఫ్రెంచివారి నౌకలు తీరమున దిగినచో ఏమగునని వారి దిగులు.

1798 మార్చి 25వ తేదీన రేమో ఆకస్మికముగ మరణించెను. నలుబదిమూడేండ్లు మించని వయస్సు. విషప్రయోగమని జనశ్రుతి, రుజువు లేదు. అతని స్థానమున వచ్చిన పిరాన్‌కు ఆ చాకచక్యము లేదు. సెప్టెంబరు 1వ తేదీన గవర్నరు జనరలు వెల్లస్లీతో నిజాము సంధి చేసికొనెను: ఆరు కుంపిణీ పటాలములను పోషించుటకు ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించవలెను, ఫ్రెంచి దళమును రద్దు చేయవలెను.

అక్టోబరు 22వ తేదీన ఆంగ్లేయ సేన ఫ్రెంచి శిబిరమును చుట్టుముట్టెను. జీతములు బకాయిపడిన సిపాయిలు అంతకు ముందే తమ అధికారులపై తిరుగబడి పిరాన్‌ను నిర్బంధించి యుండిరి. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతని సహాయకుడు మాల్కం బకాయిలకు హామీ నిచ్చిరి. పదివేలకు పైబడిన సేన రక్తపాతము లేకుండ ఆయుధములు దించెను. రేమో పదిరెండేండ్లు కూడబెట్టిన తుపాకులు, ఫిరంగులు, మందుగిడ్డంగులు ఒక్క దినమున చేతులు మారెను. మరుసటి యేడు శ్రీరంగపట్నము పతనమయ్యెను.

నిజాము సొంత కార్ఖానాల బదులు కిరాయి సేనను కొనెను. దాని వెల రొక్కముతో తీరలేదు. 1800లో బళ్లారి, అనంతపురము, కడప మండలములను కుంపిణీకి శాశ్వతముగ ధారపోసెను. దత్తమండలములన్న పేరు ఆ బేరమునుండి పుట్టినది. నెలకు ఎనిమిదణాల బాడుగ తుపాకులతో ప్రారంభమైన కథకు ఇది మిక్కిలి ఖరీదైన ముగింపు.

రేమో సమాధి మూసారాంబాగు దాపుననే, ఆస్మాన్‌గఢ్ ప్రాంతమున, ఒక గుట్టపైన గలదు. నల్లరాతి కోణస్తంభము, దానిపై ఆయన పేరుకు గుర్తుగ రెండక్షరములు. పక్కన స్తంభములతో నిలిపిన గ్రీకు దేవాలయమువంటి మంటపము. చాలకాలము ఏటేట వర్ధంతినాడు ఇచట ఉత్సవము జరిగెడిది. హిందువులును ముస్లిములును వచ్చి దీపములు పెట్టెడివారు. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో వానలకు ఆ మంటపము కూలగా, పడిన స్తంభములనే యెత్తి మరల నిలిపిరి.